రేవులో మొదలయ్యే లెక్క

(ఆచార్య సి.ఆర్. రావు గారి స్మృతిలో రాయపురం తెలుగువారి సభలో చేసిన ఉపన్యాసం)



1946లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర మ్యూజియం కలకత్తాకు ఒక కబురు పంపింది. సూడాన్‌లో జెబెల్ మోయా అనేచోట తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. వాటి కొలతలు తీసి, ఆ మనుషులు ఏ జనసమూహాలకు దగ్గరివాళ్లో తేల్చాలి. అందుకు కావలసిన పద్ధతిని కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ రూపొందించారు. ఆ లెక్క చేతనైనవాళ్లను పంపమని కేంబ్రిడ్జి అడిగింది. మహలనోబిస్ పంపినవారిలో ఒకరు కల్యంపూడి రాధాకృష్ణ రావు, పాతికేళ్ల తెలుగు యువకుడు. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. పాలించేవాళ్లు అడిగారు, పాలితులు ఇచ్చారు.

అంతర్జాతీయ సహకారం అనగానే ధనిక దేశం పైనుంచి పంచుతుంది, పేద దేశం కింద నిలబడి పుచ్చుకుంటుంది అనే బొమ్మ మన మనసుల్లో పాతుకుపోయింది. వర్ధమాన దేశాల గణాంక వ్యవస్థల గురించి మాట్లాడేటప్పుడు ఆ బొమ్మ మరీ గట్టిగా అడ్డొస్తుంది. అందుకే జెబెల్ మోయాతో మొదలుపెట్టాను. గణాంకాల విషయంలో మన దేశం పుచ్చుకుంది, ఇచ్చింది కూడా. రెండు పాత్రల్లోనూ నాకు కనిపించిన సంగతి ఒక్కటే: మనుషులకు నేర్పిన విద్య నిలబడింది, మిగతాది చాలావరకు కొట్టుకుపోయింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. దానికి ఆధారాలు కొన్ని కలకత్తా నుంచి, కొన్ని ఆఫ్రికా నుంచి తెస్తాను. అన్నిటికన్నా గట్టి ఆధారం మాత్రం ఈ సభకు కూతవేటు దూరంలో, కాశిమేడు రేవులో ఉంది.

ముందు రావు గారి సంగతి. 1920 సెప్టెంబరు 10న అప్పటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హువినహడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్లు తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎ. చేశాక సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. అక్కడి బసలో పరిచయమైన ఒకాయన, పనిచేసే కార్యాలయం పంపితే మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. ఆయన వెంట వెళ్లి ఆ సంస్థను చూసిన రావు గారు 1941 జనవరిలో అక్కడే చేరారు. ఎవరో ఒక అధికారి తన ఉద్యోగిని శిక్షణకు పంపడం వల్ల మనకు ఒక మహాశాస్త్రవేత్త దక్కాడు. శిక్షణ మీద పెట్టిన డబ్బు ఎక్కడ ఏ రూపంలో మొలకెత్తుతుందో ఏ బడ్జెటు పుస్తకమూ ముందుగా చెప్పలేదు.

ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన 1945 నాటి సిద్ధాంతం కూడా తరగతి గదిలోనే పుట్టింది. గణాంకవేత్త ఫిషర్ పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితం గురించి పాఠం చెబుతుంటే, చిన్న నమూనాలకు కూడా అలాంటిది ఉంటుందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్. రావు గారు ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు తరగతిలో జవాబు చెప్పారు. దాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావు అవధి అంటోంది. అదే దండేకర్ 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి జాతీయ నమూనా సర్వే అంకెల ఆధారంగా భారతదేశంలో పేదరికం ఎంతో లెక్కగట్టారు. గురువు సిద్ధాంతాన్ని ఇస్తే శిష్యుడు దేశానికి పేదల లెక్క ఇచ్చాడు.

ఆ సిద్ధాంతం ఏమంటుందో గణితం జోలికి పోకుండా చెబుతాను. మీ చేతిలో ఉన్న నమూనాలో ఇంత సమాచారం ఉంది. దాన్నుంచి పక్షపాతం లేకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా, కచ్చితత్వానికి ఒక హద్దుంది. దాన్ని ఎవరూ దాటలేరు. రావు గారు గణిత నమూనాల గురించి అన్న మాటను నేను కాస్త చాచి గణాంక కార్యాలయాలకు వర్తింపజేస్తున్నాను. ఊరి చివర ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన పుస్తకంలో ఎంత నిజం ఉందో, ఢిల్లీలో గానీ రోములో గానీ వాషింగ్టన్‌లో గానీ అంతకు మించి ఒక్క రవ్వ తెలియదు. పైన పెట్టే కంప్యూటర్లు, రంగురంగుల పటాలు ఆ హద్దును జరపలేవు. దాన్ని జరపగలవాడు కింద తిరిగే గణకుడు. సాయం ఎవరికి చేరాలన్న ప్రశ్నకు రావు గారి సిద్ధాంతంలోనే సమాధానం ఉందని నా నమ్మకం.

1950లో కలకత్తాలో అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం మొదలైంది. అంతర్జాతీయ గణాంక సంస్థ, మహలనోబిస్ సంస్థ కలిసి, యునెస్కో, భారత ప్రభుత్వాల అండతో దాన్ని పెట్టాయి. ఆసియా, ఆఫ్రికా దేశాల గణాంక కార్యాలయాల్లో పనిచేసే ఉద్యోగులు వచ్చి నెలల తరబడి చదువుకుని తమ దేశాలకు తిరిగి వెళ్లేవారు. అప్పటికి మనకు గణతంత్రం వచ్చి ఏడాది కాలేదు. ఆ ఏడాదే జాతీయ నమూనా సర్వే మొదటి విడత పల్లెల్లోకి వెళ్లింది. మన ఇల్లు మనం చక్కదిద్దుకుంటూనే పక్కింటివాళ్లకు పని నేర్పాం. తర్వాతి కాలంలో రావు గారి సిఫార్సు మీదనే 1970లో టోక్యోలో ఆసియా గణాంక సంస్థ ఏర్పడింది. అదే ఇప్పుడు ఆసియా పసిఫిక్ గణాంక సంస్థగా చీబాలో నడుస్తోంది. ప్రభుత్వ కార్యాలయాల్లో అంకెలతో కుస్తీపట్టే మామూలు ఉద్యోగుల కోసం పెట్టిన సంస్థ అది. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావు గారికి అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చినప్పుడు పత్రికలన్నీ సిద్ధాంతాల గురించే రాశాయి. ఆయన గీత గీసి చూపిన బడి గురించి రాసినవాళ్లు తక్కువ. ఆ లోటు నన్ను బాధించింది.

ఇక కాశిమేడు.

మీలో చాలామందికి ఆ రేవు ఇంటి పెరడు లాంటిది. తెల్లవారకముందే వేలం పాటలు, ఐసు బండ్లు, తట్టలు మోసేవాళ్ల కేకలు. బోట్ల మీద శ్రీకాకుళం నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన మన కళాసీలు. ఆ సందడిలో చేతిలో పుస్తకంతో ఒక మనిషి తిరుగుతుంటాడు. ఎవరూ పట్టించుకోరు. అతను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తరఫున పట్టు లెక్క రాసుకునే ఉద్యోగి. ఆ సంస్థ 1947 ఫిబ్రవరి 3న ఈ మద్రాసులోనే పుట్టింది. తర్వాత మండపం వెళ్లి, అక్కణ్ణుంచి కొచ్చి చేరింది.

మన దేశపు సముద్ర చేపల పట్టు ఏడాదికి సుమారు 35 లక్షల టన్నులు అని పేపర్లో చదువుతాం. ప్రతి చేపనూ ఎవరూ తూచలేదు. తీరం పొడుగునా రేవుల్ని మండలాలుగా విడదీస్తారు. నెలను మూడు పది రోజుల భాగాలు చేస్తారు. మొదటి ఐదు రోజుల్లోంచి ఒక రోజును చీటీ తీసినట్టు ఎంచుతారు. మిగతా పరిశీలన రోజులు దాన్ని బట్టి వరుసలో వస్తాయి. ఏ రోజు ఏ రేవుకు వెళ్లాలో ఉద్యోగి ఇష్టం మీద ఉండదు. చేపలు బాగా పడ్డాయని విని వెళ్లడం కుదరదు, వాన పడుతోందని మానడమూ కుదరదు. ఎంపికైన రేవులో మొదటిరోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా, మర్నాడు ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా నిలబడాలి. నడుమ రాత్రి దిగిన సరుకు సంగతి అడిగి తెలుసుకోవాలి. వచ్చిన బోట్లు పదిహేను లోపుంటే అన్నిటినీ చూడాలి. యాభై దాటితే ఐదింటిలో ఒకటి. కాశిమేడు, విశాఖ లాంటి పెద్ద రేవుల్ని దేనికది విడి మండలంగా తీసుకుంటారు.

ఒక ఉదయం అక్కడ నిలబడి ఆ పని చూశాను. ఉద్యోగి తట్టలు లెక్కపెట్టాడు. ఒక తట్ట బరువెంతో అతని చేతికి తెలుసు. ఒకదాన్ని కుమ్మరించి వంజరం ఎన్ని, కానాగంతలు ఎన్ని, నెత్తళ్లు ఎంత అని జాతులవారీగా వేరుచేసి రాసుకున్నాడు. ఆ తర్వాత సరంగును అడిగాడు: ఎన్ని రోజులు సముద్రంలో ఉన్నారు, ఎంత దూరం పోయారు, వల ఎన్ని గంటలు లాగారు. ఉత్తరాంధ్ర కళాసీ ఒకతను అనుమానంగా చూశాడు.

“ఏటి బాబూ, అన్నీ రాసేసుకుంటన్నారు? ట్యాక్సేటైనా ఏస్తారేటి?”

“ట్యాక్సు కాదన్నా,” అన్నాడు ఉద్యోగి అరకొర తెలుగులో. “మీ పేరు రాయను, బోటు ఓనరు పేరు ఎవరికీ చెప్పను. నాలుగు రోజులు లాగితే ఇంత పడింది అని రాస్తా. పోయినేడు రెండు రోజులకే పడేదా ఇంత?”

కళాసీ ఒక్క క్షణం ఆగి, “పడీది బాబూ” అన్నాడు. అక్కణ్ణుంచి అడిగినవాటికన్నా ఎక్కువే చెప్పాడు.

ఆ నాలుగు మాటల్లో మత్స్యశాస్త్రమంతా ఉంది. పట్టు తగ్గకపోయినా, అదే పట్టుకు రెట్టింపు గంటలు వల లాగాల్సి వస్తే సముద్రంలో చేప తరిగిపోతోందని అర్థం. తూకం ఒక్కటే రాసుకుంటే ఈ ప్రమాదం కనిపించదు. వేటకు పట్టిన కాలాన్ని కూడా రాసినప్పుడే తెలుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిలిపేస్తున్నారు. ఆ నిషేధం వల్ల మేలు జరుగుతోందో లేదో తేల్చేదీ ఇలాంటి పుస్తకాలే. పేరు చెప్పనని ఉద్యోగి ఇచ్చిన మాట కూడా చిన్నది కాదు. 1994లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం అంగీకరించిన మౌలిక సూత్రాల్లో అదొకటి. న్యూయార్కులో రాసుకున్న సూత్రం కాశిమేడులో చేపల తట్ట పక్కన అమలైంది.

ఈ విద్య బయటినుంచి ఎవరో తెచ్చి పెట్టింది కాదు. మహలనోబిస్ బెంగాల్ జనపనారకు, గణాంకవేత్త పాండురంగ సుఖాత్మే వరి, గోధుమలకు వాడిన నమూనా ఆలోచనే ఇక్కడ సముద్రానికి పనికొచ్చింది. ఆ సుఖాత్మే 1951లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గణాంక విభాగానికి వెళ్లి దాదాపు 20 ఏళ్లు రోములో పనిచేశారు. మన పొలాల్లో నేర్చుకున్న పద్ధతి అలా లోకం మీదికి వెళ్లింది.

అయితే రేవు లెక్క ఎంత బాగున్నా ఒక దేశం లెక్క చాలదు. బంగాళాఖాతం చుట్టూ ఉన్నవాళ్లందరిదీ ఒకే నీరు. గోదావరికి ఎదురీదే పులసనే తీసుకోండి. సముద్రంలో ఉన్నప్పుడు అది మన వలలోనూ పడుతుంది, బంగ్లాదేశ్, మయన్మార్ వలల్లోనూ పడుతుంది. మూడు దేశాలు మూడు రకాలుగా లెక్కపెడితే ఆ జాతి బతుకుతోందో చస్తోందో ఎవరూ చెప్పలేరు. 1979లో ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, స్వీడన్ సాయంతో, బంగాళాఖాత కార్యక్రమం మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం మన మద్రాసులోనే పెట్టారు. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మలేషియా, థాయిలాండ్ మొదటి సభ్యులు. చిన్న జాలర్ల వలలు, పడవలు, చేపల నిల్వల అంచనా, ఉద్యోగుల శిక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. విదేశీ డబ్బు ఆగిపోయాక సాధారణంగా ఇలాంటి కార్యక్రమాలు బోర్డు తిప్పేస్తాయి. ఇది అలా పోలేదు. 2003లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు తమ ఉమ్మడి సంస్థగా మార్చుకుని, చెన్నైలోనే నడుపుకుంటున్నాయి. దాతల కార్యక్రమం సభ్యదేశాల సొంత సంస్థ అయింది. ఈ ఊళ్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, తెలిస్తే గర్వపడాల్సిందే.

లెక్క లేనప్పుడు ఏమవుతుందో కూడా ఈ రేవు చూసింది. 2004 డిసెంబరు 26. సునామీ తర్వాత లోకమంతా స్పందించింది. పడవలు పోయినవాళ్లకు పడవలు ఇద్దామని సంస్థలు వరుసకట్టాయి. ఏ ఊళ్లో ఎన్ని పడవలుండేవి, ఏ రకానివి, ఎవరివి? దేశవ్యాప్తంగా మత్స్యకారుల గణన అంతకుముందు జరిగింది 1980లో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఫలితంగా తమిళనాడు తీరంలో కొన్నిచోట్ల పోయినవాటికన్నా ఎక్కువ పడవలు వచ్చిపడ్డాయి, మరికొందరికి ఏమీ అందలేదు. వేటకు వెళ్లని ఆడవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు ఏ జాబితాలోనూ లేరు గనక వాళ్ల నష్టం ఎవరి కంటా పడలేదు. 2005లో మళ్లీ గణన చేశారు. ఆ తర్వాత 2010, 2016ల్లో చేశారు, 2025లో ఫోన్లలో రాసుకుంటూ చేశారు. సహాయం చేసే చేతులు అన్ని ఉండి, లెక్క ఒక్కటి లేకపోవడం వల్ల జరిగిన అన్యాయాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

ఆఫ్రికాలోనూ ఇదే జబ్బు మరో రూపంలో కనిపించింది. 2010లో ఘనా తన స్థూల దేశీయోత్పత్తిని కొత్త ప్రాతిపదిక సంవత్సరంతో తిరిగి లెక్కిస్తే, ఒక్కసారిగా 60 శాతం పెరిగింది. 2014లో నైజీరియాది 89 శాతం పెరిగింది. జనం రాత్రికి రాత్రి ధనవంతులు కాలేదు. నైజీరియా అప్పటిదాకా 1990 నాటి ఆర్థిక వ్యవస్థ కొలబద్దతో కొలుస్తూ వచ్చింది. ఈలోగా వచ్చిన మొబైల్ ఫోన్లు, సినిమా పరిశ్రమ ఆ కొలబద్దలో సరిగా ఇమడలేదు. ఆ ఏళ్లన్నిటా నిపుణులు ఆ దేశాలకు సలహాలు ఇస్తూనే ఉన్నారు, తప్పు అంకెల మీద.

దాత ఒక్కరే మోసే వ్యవస్థ ఎంత బలహీనమో 2025లో చూశాం. అమెరికా అభివృద్ధి సంస్థ డబ్బుతో 1984 నుంచి నడుస్తున్న జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమం ఉన్నట్టుండి నిలిచిపోయింది. 90కి పైగా దేశాల్లో 400కు పైగా సర్వేలు చేసిన కార్యక్రమం అది. పురిట్లో చనిపోయే తల్లుల లెక్కకూ, ఎదగని పసిపిల్లల లెక్కకూ చాలా పేద దేశాలకు అదే దిక్కు. మనకూ 1992–93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు ఆ సాయమే ఆసరా. అయితే మన సర్వేను నడిపింది బొంబాయిలోని జనాభా అధ్యయన సంస్థ. 1956లో టాటా ట్రస్టు, భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసి ఆ సంస్థను శిక్షణ కేంద్రంగానే స్థాపించాయి. అక్కడ తయారైన మనుషులు ఉన్నారు గనక మన సర్వే అమెరికా నిర్ణయంతో ఆగిపోలేదు. అలాంటి బడి లేని దేశాల్లో తర్వాతి సర్వే ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ దేశాలకు సర్వేలు అందాయి, సర్వే చేసే విద్య పూర్తిగా అందలేదు. సర్వే పూర్తిచేయడం దాతకు రెండేళ్ల పని, మనుషులను తయారుచేయడం ఇరవై ఏళ్ల పని. ఏడాదికోసారి పై అధికారులకు నివేదిక పంపుకోవాల్సిన దాత మొదటిదాన్నే ఎంచుకుంటాడు. ఇందులో దురుద్దేశం లేకపోవచ్చు, నష్టం మాత్రం ఉంది.

మనవైపు తప్పులు లేవని అనుకోవద్దు. సామర్థ్యం ఉన్నంత మాత్రాన నిజం బయటికి రాదు. డాక్టర్ సి. రంగరాజన్ ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న రోజుల్లోనే ఆయన అధ్యక్షతన ఒక కమిషన్ మన గణాంక వ్యవస్థను తూర్పారబట్టి 2001లో నివేదిక ఇచ్చింది. చట్టబద్ధమైన జాతీయ గణాంక కమిషన్ ఉండాలన్నది. కమిషన్ వచ్చింది, చట్టం రాలేదు. 2017–18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత బాగాలేదంటూ ప్రభుత్వం విడుదల చేయలేదు. లోపాలుంటే లోపాలతో సహా ప్రచురించి, పండితుల ముందు పెట్టాల్సింది. నమూనా సర్వేల్లో ప్రపంచానికి పాఠం చెప్పిన దేశానికి ఆ దాపరికం తగదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. చిన్న దేశాలకు శిక్షణ ఇచ్చే గురువుగా మనం నిలబడాలంటే ముందు మన పంచాంగం మనం పాటించాలి.

ఇక మన చేతిలో ఉన్న పనులు. రేవుల్లో, పొలాల్లో, ఇంటి గడపల్లో లెక్క రాసుకునేవాళ్లలో చాలామంది ఇవాళ ఒప్పంద ఉద్యోగులు. ఆరు నెలల కోసం వచ్చినవాడికి చేపల జాతులు గుర్తుపట్టడం నేర్పి, నేర్చుకున్నాక పంపించేస్తే, కాశిమేడు కళాసీ నమ్మకం మళ్లీ మొదటినుంచి సంపాదించుకోవాలి. అంతర్జాతీయ సంస్థలు మన రాష్ట్రాలకు ఇచ్చే గణాంక సాయంలో ఈ ఉద్యోగాల స్థిరత్వాన్ని ఒక షరతుగా పెట్టాలి, మన ప్రభుత్వాలు దాన్ని ఒప్పుకోవాలి. చీబా సంస్థ శిక్షణకు ఢిల్లీ అధికారులతోపాటు జిల్లా కార్యాలయాల నుంచి కూడా పంపాలి. గణకుల శిక్షణ పుస్తకాలు తెలుగులో, తమిళంలో రేవువాళ్లకు అర్థమయ్యే మాటల్లో రావాలి. ఈ సభలో ఉన్న అధ్యాపకులు పూనుకుంటే ఆ పని ఇక్కడే మొదలవుతుంది. కళాశాలల్లో గణాంకశాస్త్రం చదివే పిల్లల్ని ఒక్క వేకువైనా రేవుకు తీసుకెళ్లండి. నమూనా అంటే ఏమిటో పుస్తకంలో పది పేజీలు చెప్పలేనిది ఐదింటిలో ఒక బోటు చెబుతుంది.

మరొకటి, ఇది మన ఇళ్లకు సంబంధించింది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, రాయడం రాదు కదా అని తమిళమని రాయించిన కుటుంబాలు కూడా ఉంటాయి. జనగణన అడిగేది చదువు గురించి కాదు, మీ అమ్మ మీతో చిన్నప్పుడు ఏ భాషలో మాట్లాడిందని. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే లెక్కకు గణకుడు రాయపురం వీధుల్లోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి, అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ గడిలో ఏం రాశాడో ఒకసారి చదివించుకోండి.